పిడుదు కాటు – లైమ్ వ్యాధి

జీవశాస్త్ర విద్యార్థికి పిడుదు పరాన్నజీవుల ప్రకరణంలో ఒక చిన్న పేరాతో ముగిసిపోయే ప్రాణి. పశువులను సాకే రైతుకు అది గేదె చెవి లోపల, ఆవు పొదుగు మీద అంటిపెట్టుకొని రక్తం పీల్చే గోమారి. ఇటువంటి అల్పజీవి నేడు అమెరికా, ఐరోపా ఖండాలలో వైద్యులను కలవరపెడుతున్నది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టవలెనని పెద్దలు చెప్పిన మాట దీనికి చక్కగా వర్తిస్తుంది.

వ్యాధి బయటపడిన విధము

అమెరికా సంయుక్త రాష్ట్రాల ఈశాన్య భాగాన గల కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరు ఉన్నది. 1970వ దశకంలో ఆ ఊరిలోను, దాని పొరుగు ఊళ్లలోను అనేకమంది పిల్లలకు మోకాళ్లు వాచి నడక కష్టమయింది. పిల్లలకు వచ్చే ఒక రకపు కీళ్లవాతమని వైద్యులు నిర్ణయించారు. కాని కీళ్లవాతం అంటువ్యాధి కాదు గదా, ఒకే చోట ఇందరికి ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నను పోలీ మర్రే అనే తల్లి విడిచిపెట్టలేదు. తన ఇంటివారికి, ఇరుగుపొరుగు వారికి కలిగిన బాధలను వ్రాసి ఉంచుకొని, 1975లో ఆరోగ్యాధికారులకు, యేల్ విశ్వవిద్యాలయ వైద్యులకు విన్నవించింది.

యేల్ వైద్యుడు ఆలెన్ స్టీర్, ఆయన సహచరులు 39 మంది పిల్లలను, 12 మంది పెద్దలను పరిశీలించి 1977లో తమ ఫలితాలను ప్రకటించారు. రోగులలో ఎక్కువమంది అడవిని ఆనుకొని నివసించేవారు. వ్యాధి ప్రధానంగా వేసవిలోను, శరదృతువు ఆరంభంలోను మొదలయింది. కొందరికి కీళ్లవాపునకు ముందు చర్మంపై ఎర్రని మచ్చ ఏర్పడి వెడల్పుగా వ్యాపించింది. ఇటువంటి మచ్చను పిడుదు కాటుతో ముడిపెట్టి స్వీడన్ వైద్యుడు అఫ్జీలియస్ 1909లోనే వర్ణించి ఉన్నాడు. ఆ విధంగా అనుమానం పిడుదు మీదికి మళ్లింది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు పిడుదుల జీర్ణనాళంలో మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని కనుగొన్నాడు. ఆయన పేరిట దానికి బొరీలియా బర్గ్‌డార్ఫెరి అని నామకరణం జరిగింది.

పిడుదు జీవితచక్రము

పిడుదు కీటకం కాదు. సాలీడు, తేలు చేరిన తరగతికి చెందినది. పెరిగిన పిడుదుకు ఎనిమిది కాళ్లు, డింభకానికి ఆరు కాళ్లు ఉంటాయి. లైమ్ వ్యాధిని మోసే నల్లకాళ్ల పిడుదు సాధారణంగా రెండేళ్లు జీవిస్తుంది. గ్రుడ్డు నుండి వెలువడిన తరువాత మూడు దశలలోను ఒక్కొక్కసారి మాత్రమే రక్తాహారం తీసుకొంటుంది. పుట్టినప్పుడు దానిలో ఈ సూక్ష్మజీవి ఉండదు. డింభక దశలో తెల్లకాళ్ల ఎలుక వంటి చిన్న జంతువుల రక్తం పీల్చినప్పుడు అది సంక్రమిస్తుంది. మరుసటి ఏడు గసగసాల గింజంత ఉండే రెండవ దశలో పిడుదు మనిషిని కరుస్తుంది. ఇంత చిన్నది కావడం వల్లనే ఎవరి కంటా పడదు. పెద్ద పిడుదులకు జింక ఆహారం. జింక ఈ వ్యాధిని పిడుదులకు అంటించదు గాని, వాటి సంతతి వృద్ధికి ఆధారమవుతుంది.

వ్యాప్తికి కారణములు

పూర్వం ఈ ప్రాంతంలో వ్యవసాయం కోసం అడవులను నరికివేయగా జింకలు దాదాపు అంతరించాయి. తరువాత పొలాలు బీడుపడి అడవులు మరల పెరిగాయి. జింకలు తిరిగి వచ్చాయి; వాటితో పిడుదులూ వచ్చాయి. అదే కాలంలో మనుషులు అడవుల అంచున ఇండ్లు కట్టుకొన్నారు. వలసపక్షులు పిడుదులను ఉత్తరదిశకు మోసుకొనిపోతున్నాయి. చలికాలపు తీవ్రత తగ్గినకొద్దీ అవి కొత్త చోట్ల నిలదొక్కుకొంటున్నాయి. కెనడాలో 2009లో 144 కేసులు నమోదు కాగా, 2017లో ఆ సంఖ్య 2,025కు పెరిగింది. అమెరికాలో 2010–2018 మధ్య ఏటా సుమారు 4,76,000 మంది ఈ వ్యాధికి చికిత్స పొందారని అంచనా.

లక్షణములు, చికిత్స

కాటు తరువాత 3 నుండి 30 రోజులలో జ్వరం, తలనొప్పి, అలసట కలుగుతాయి. చాలమందిలో మచ్చ కనబడుతుంది. ఉపేక్షిస్తే వ్యాధి నరాలకు, గుండెకు, కీళ్లకు ప్రాకుతుంది. ముఖం ఒక ప్రక్కకు వాలిపోవచ్చు. తొలి వారాలలో రక్తపరీక్షకు వ్యాధి చిక్కకపోవచ్చును గనుక మచ్చను గుర్తించుటే ముఖ్యం. తొలిదశలో డాక్సీసైక్లిన్ వంటి మందులతో అత్యధికులకు నయమవుతుంది. 1998లో అనుమతి పొందిన టీకాను, అమ్మకాలు తగ్గినందున 2002లో ఉత్పత్తిదారులే ఉపసంహరించారు.

మనము గ్రహించవలసినది

లైమ్ వ్యాధి దూరదేశపు సంగతి అని తోచవచ్చును. కాని న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి వ్యాధి ప్రబలిన రాష్ట్రాలలో తెలుగు కుటుంబాలు అనేకం స్థిరపడి ఉన్నాయి. పాఠ్యగ్రంథాలలో తెల్లని చర్మం మీది ఎర్రని మచ్చనే చూపడం పరిపాటి. మన చామనఛాయ మీద అది కమిలిన గాయం వలె కనబడి, రోగి గాని వైద్యుడు గాని పోల్చుకోలేకపోవచ్చు. అక్కడి నుండి సెలవులకు వచ్చిన బిడ్డకు జ్వరం తగిలితే, ఏ ప్రాంతంలో తిరిగినదీ వైద్యునికి తప్పక చెప్పవలెను.

పొరుగున ఉన్న కర్ణాటకలోనూ పిడుదు మరొక వ్యాధిని మోస్తున్నది. 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చనిపోవడంతో బయటపడిన ఆ జ్వరం వైరస్ వల్ల కలుగుతుంది. దానికి ప్రత్యేకమైన మందు లేదు.

అడవికి, గడ్డిభూములకు పోయేవారు ఒళ్లంతా కప్పే దుస్తులు ధరించి, ఇంటికి రాగానే చంకలు, మోకాలి మడతలు, జుట్టు కుదుళ్లు చూసుకోవలెను. లైమ్ సూక్ష్మజీవి శరీరంలోనికి దిగుటకు సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది. కనుక వెంటనే తీసివేస్తే ప్రమాదం చాల వరకు తప్పుతుంది. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలిత్రిప్పక నిటారుగా లాగవలెను. కిరసనాయిలు పోయుట, నిప్పు తగిలించుట కూడదు. కాటు పడిన తేదీని వ్రాసి ఉంచుకొనుట మేలు. లైమ్ ఊరిలో ఒక తల్లి వ్రాసి ఉంచుకొన్న కాగితాలే గదా ఈ వ్యాధిని లోకానికి తెలియజేసినవి.