గృహవిక్రయమునందు ఇరుగుపొరుగువారి యెడల మన ధర్మము

ఇల్లు అమ్మదలచినవాడు కొనువానిని ఎంచుకొనునప్పుడు ఇరుగుపొరుగువారి మేలును ఆలోచింపవలెనా, అక్కరలేదా యని మమ్ము అడుగువారు పలువురు గలరు. న్యాయవాదవృత్తిలోనున్న మేము దీనికి ఒక్క మాటలో బదులు చెప్పవచ్చును: ఇల్లు అతనిది, ఎవరికి అమ్ముకొన్నను చట్టమునకు సామాన్యముగా అభ్యంతరము లేదు. కాని చట్టము అనుమతించినదెల్ల ధర్మము కానేరదు. అట్లే ధర్మమను పేరుతో లోకులు కోరునదెల్లయు ధర్మము కాదు. ఈ రెండు మాటలను మనసునందుంచుకొని విషయమును విచారింతము.

మన పూర్వులు ఈ ప్రశ్నను ఎరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రము భూమిని కొనుటకు మొదట జ్ఞాతులకును, పిమ్మట పొరుగువారికిని, ఆ పిమ్మట అప్పిచ్చినవారికిని వరుసగా అవకాశమొసగినది. ఇంటిని అమ్మునపుడు ఆ యింటి ముందే, చుట్టుపట్ల నలువది కుటుంబములవారు వినునట్లు ప్రకటించి, వెల చెప్పి ముమ్మారు పిలువవలెనని అందు గలదు. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షరయను వ్యాఖ్యను రచించిన విజ్ఞానేశ్వరుడు ఇంకను లోతుగా విచారించెను. భూమి చేతులు మారుటకు గ్రామస్థులు, జ్ఞాతులు, పొరుగువారు సమ్మతింపవలెనను ఒక ప్రాచీనవచనమును ఆయన ఎత్తుకొని, దాని తాత్పర్యమును తేల్చి చెప్పెను. గ్రామస్థుల సమ్మతి క్రయము పదిమందికి తెలియుట కొరకు. పొరుగువారి సమ్మతి సరిహద్దుల తగవు పుట్టకుండుట కొరకు. అంతియే గాని వారు ఒప్పుకొననిచో అమ్మకమే చెల్లదని కాదు. పొరుగువాని హక్కు గోడకును గట్టునకును సంబంధించినదే గాని, గోడకు ఆవల ఎవరు నివసింపవలెనో నిర్ణయించునది కాదని దీనినుండి మేము గ్రహించుచున్నాము.

ముస్లిం ధర్మశాస్త్రమున షుఫా అనునొక హక్కు గలదు. హనఫీ శాఖవారి మతమున, ఉమ్మడి భాగస్థునికిని, ఒకే దారినిగాని నీటినిగాని అనుభవించువానికిని, ఆనుకొనియున్న పొరుగువానికిని ఇతరులకంటె ముందుగా కొను హక్కు వరుసగా కలుగును. మన దక్షిణదేశమున మద్రాసు హైకోర్టు 1870లోనే యీ హక్కు న్యాయమునకును సమతకును విరుద్ధమని త్రోసివేసినది. 1962లో సుప్రీంకోర్టు, కేవలము పొరుగున నున్నందున కలుగు హక్కు రాజ్యాంగమునకు విరుద్ధమని తీర్పు చెప్పినది. అన్యకులమువారిని, అన్యమతమువారిని వాడలోనికి రానీయకుండుటయే దాని ఉద్దేశములలో ఒకటి యనియు, అట్టి ఉద్దేశము ఇకమీదట ప్రజాహితము కానేరదనియు న్యాయమూర్తులు గ్రహించిరి. ఉమ్మడి భాగస్థుని హక్కును మాత్రము వారు నిలిపిరి.

ఇక లోకానుభవము. కొన్నేండ్ల క్రిందట ఒక పట్టణమున ఒక వృద్ధ వితంతువు తన యింటిని అమ్మదలచి మా సలహా కోరెను. భర్త రోగమునకైన అప్పు వడ్డీతో పెరుగుచుండెను. కొనుటకు ఇరువురు వచ్చిరి. ఒకరు పాఠశాలోపాధ్యాయుడు, ఆమె చెప్పిన వెలకు ఒప్పుకొనెను, కాని ఆయన అంటరానివారని లోకము వెలివేసిన కులమున పుట్టినవాడు. రెండవవాడు ఆ వీధివారి కులమువాడే. వెల చాల తగ్గించి యడిగెను. ఆ యింట పిండిమరను, కారపుమరను పెట్టదలచెను. వీధిలోని పెద్దలు కొందరు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఆమె వెళ్లిపోవును, ఉండవలసినవారము మేము. మా మేలు చూడవలదా?" అనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. కాని వారు ఎవనిని కోరిరి? పగలెల్ల మర మ్రోయించి, కారపుదుమ్మును ప్రక్కయింటి ఉబ్బసరోగి ముక్కున పోయువానిని కోరిరి. పుస్తకములు తప్ప వేరు చప్పుడు లేనివానిని వలదనిరి. వారు తమ మేలును చూచుకొనలేదు. తమ దురభిమానమును చూచుకొని దానికి మేలని పేరు పెట్టిరి. ఆ దురభిమానపు వెలను తాము చెల్లింపక, ఆ వృద్ధురాలిచే చెల్లింపజేయ జూచిరి.

మేమును నిర్దోషులము కాము. పెద్దల మాటకు జంకి, "కొంతకాలము ఆగుడు" అని ఆమెతో చెప్పితిమి. ఒక నెల వడ్డీ ఆమెపై బడెను. అప్పుడామె, "బాబూ, నా యిల్లు వారికి కావలెనన్న నేడే యిత్తును, నా అప్పు మాత్రము వారికి అక్కరలేదు గదా!" అనెను. మాకు సిగ్గు కలిగెను. ఉపాధ్యాయుడు ఇచ్చు వెలకే వీధిలో ఎవరైనను పదిదినములలో కొనవచ్చునని చెప్పి పంపితిమి. ఒక్కరును రాలేదు. ఆమె ఉపాధ్యాయునికే అమ్మెను. ఇల్లు విడిచిన నాడు వీధిలో తలుపులు మూసికొన్నవారే ఎక్కువ. ఆమె మాత్రము ప్రతి తలుపు తట్టి, పోయివత్తునని చెప్పి కదలెను.

దీనినిబట్టి విక్రేత తన పొరుగువారికి చేయవలసినదేమి? మొదటిది, అమ్మకమును దాచక ముందుగా తెలుపుట. ఇతరులిచ్చు వెలకే కొనుటకు వారికి కొంత గడువిచ్చుట. రెండవది, సరిహద్దు, ఉమ్మడి గోడ, మురుగుకాలువ, నూతి వాడుక, నడచు దారి, వీనిని గూర్చిన సంగతులను సరిచూచి దస్తావేజునందు స్పష్టముగా వ్రాయించుట. 1882 నాటి ఈజుమెంటుల చట్టమును బట్టి యిట్టి హక్కులు సామాన్యముగా ఆస్తిని అంటియే యుండును. యజమాని మారినంతమాత్రమున నశింపవు. అయినను ముందు వ్రాసిన ఒక్క పంక్తి తరువాతి పదియేండ్ల వ్యాజ్యమును తప్పించును. మూడవది, కొనువాడు ఆ యింట చేయబోవు పని పొరుగువారి ఆరోగ్యమునకో నిద్రకో హానికరమని తెలిసినచో, దానిని వారికి తెలుపుట. తనకు శక్తి యున్నయెడల కొంత తక్కువ వెలకైనను కాపురముండువానికి అమ్ముట. ఇది దాతృత్వము, అప్పులపాలైనవానిని దీనికై నిర్బంధించుటకు ఎవరికిని అధికారము లేదు.

కొనువాని పుట్టుక, మతము, వంటింటి కూర, ఇవి మాత్రము విచారణలోనికి రాకూడదు. అస్పృశ్యత పేరిట ఏ వాడలోనైనను ఒకడు ఇల్లు సంపాదించుటకో, అందు నివసించుటకో అడ్డుపడుట నేరమని 1955లో చట్టమేర్పడినది. 1976 నుండి అది పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరుతో నున్నది. కాని యీ అడ్డు ఎన్నడును తన పేరు చెప్పుకొని రాదు. "ఇల్లు అమ్ముడైపోయినది", "మా వారికి మాట యిచ్చితిమి" అను మెత్తని అబద్ధముల రూపమున వచ్చును. న్యాయస్థానమునకు అవి చిక్కుట అరుదు, అంతరాత్మకు చిక్కకపోవు.

"ముప్పదియేండ్లు కలిసియున్నవారి మనసు నొప్పింపవచ్చునా?" యని కొందరడుగుదురు. నొప్పింపకుండుట మంచిదే. కాని ఒకరి నొప్పిని తప్పించుటకు మరియొకరిని అవమానించుట దయ కాదు. భారమును బలహీనుని తలపై పెట్టుట.

చదువరులారా, సందేహము కలిగినప్పుడు ఒక్క పరీక్ష చేసికొనుడు. ఫలానివానికి అమ్మనని మీరు నిశ్చయించుకొన్నచో, దానికి గల కారణమును కాగితముపై వ్రాసి, దిగువ చేవ్రాలు చేసి, అతని చేతికే ఈయగలరేమో యోచింపుడు. "మీ మర చప్పుడు మా పొరుగువారికి సరిపడదు" అని వ్రాయుటకు ఎవరును సిగ్గుపడనక్కరలేదు. వ్రాయుటకు చేయి వెనుదీయు కారణమేదియో, అది మీ పొరుగువారి మేలు కాదు. దానిని విడిచి, నిజమైన వెల యిచ్చువానికి, ఇరుగుపొరుగులకు తెలిపి, పట్టపగలు ఇల్లు అమ్ముడు.