దీర్ఘకాలిక మూత్రపిండాల వాపు – ఇంటివద్ద పరిచర్య



మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్‌ల నుండి మా వద్దకు వచ్చే యువతీయువకుల్లో కొందరు కంపెనీవారు చేయించిన పరీక్షల రిపోర్టు తెస్తారు. అందులో మూత్రంలో అల్బుమిన్ "2 ప్లస్" అని ఉంటుంది. తేదీ చూస్తే రెండేళ్ళ నాటిది! "నొప్పేమీ లేదు కదా అని ఊరుకున్నాం" అంటారు. ఈ జబ్బులో ఉన్న మోసమే అది. చాలాకాలం వరకు నొప్పి ఉండదు.

ఏమిటీ జబ్బు?

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలున్నాయి. రెండు మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, ఒకటి రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా పంపుతాయి. ఈ జల్లెడలకు వచ్చిన వాపు నెలలు, సంవత్సరాలు తగ్గకపోతే అవి గట్టిపడి మూసుకుపోతాయి. దీనినే దీర్ఘకాలిక గ్లోమెరులోనెఫ్రైటిస్ అంటారు. ఐజిఎ నెఫ్రోపతి, లూపస్, హెపటైటిస్ బి మొదలైనవి దీనికి కారణాలు. మూసుకుపోయిన జల్లెడ మళ్ళీ తెరుచుకోదు. మిగిలినవాటిని కాపాడుకోవడమే చికిత్స.

గుర్తులు

ఉదయం ముఖం, సాయంత్రం పాదాలు ఉబ్బడం, మూత్రంలో నురగ, మూత్రం టీ డికాక్షన్ రంగులో రావడం, చిన్న వయసులోనే బి.పి. పెరగడం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుండి వచ్చి ఇక్కడ పని చేసుకుంటున్నవారు మరొక విషయం గమనించాలి. అక్కడి జబ్బు ఎక్కువగా జల్లెడలను కాక, మూత్రపిండంలోని సన్నని గొట్టాలను, వాటి మధ్యనున్న కణజాలాన్ని దెబ్బతీస్తుంది. మూత్రంలో ప్రొటీన్ అంతగా కనపడదు. కనుక రక్తంలో క్రియాటినిన్ పరీక్ష కూడా తప్పక చేయించుకోవాలి.

ఇంటివారు చేయవలసినవి

1. రోజూ ఉదయం మూత్రవిసర్జన తర్వాత, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాయండి. బరువు హఠాత్తుగా పెరిగితే ఒంట్లో నీరు చేరిందని అనుమానించాలి.
2. బి.పి. చూసి అదే పుస్తకంలో రాయండి. సాధారణంగా 130/80 లోపు ఉండాలి.
3. ఉప్పు అన్నింటిలో కలిపి రోజుకు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. ఊరగాయ, అప్పడాలు, చిప్స్ మానాలి. "తక్కువ సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది, డాక్టరును అడగకుండా వాడవద్దు.
4. నీరు ఎంత తాగాలో డాక్టరు చెప్పినట్లే తాగనివ్వండి. "కిడ్నీకి నీళ్ళు మంచివి" అని బలవంతం చేయవద్దు. జబ్బు ముదిరినవారికి కొబ్బరినీళ్ళు కూడా ప్రమాదమే.
5. తలనొప్పికి, నడుమునొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు సొంతంగా వేయవద్దు. స్టెరాయిడ్ మాత్రలు హఠాత్తుగా ఆపవద్దు. ఉపవాసం ఉండదలిస్తే ముందుగా డాక్టరును అడగండి.
6. దురద ఉంటే గోళ్ళు కత్తిరించి, గోరువెచ్చని నీటితో స్నానం చేయించి, కొబ్బరినూనె రాయండి. వాచిన కాళ్ళను దిండు మీద ఎత్తుగా ఉంచండి.
7. డయాలిసిస్ కోసం ఫిస్టులా చేసిన చేతికి బి.పి. పట్టీ, సూది, బిగుతు గాజులు వద్దు.

ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, ఆగని వాంతులు, మగత కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ముందుగా గుర్తిస్తే చాలామంది ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ ఉండగలరు. మీ ఇంట్లో అటువంటి రిపోర్టు బీరువాలో ఉంటే ఈ రోజే బయటకు తీయండి. మేము దాన్ని మీతో కూర్చొని చదువుతాము.