ఇంటి నేల క్రింద మాయా చరిత్ర

మాయా నాగరికత అన్నంతనే మన మనస్సులో మెదిలేవి దట్టమైన అడవుల నడుమ నిలిచిన రాతి మెట్ల గోపురాలు, ఈకల కిరీటాలు ధరించిన రాజులు. 2012 డిసెంబరులో యుగాంతమని వ్యాపించిన పుకారు కూడ వారి పంచాంగం పేరు మీదనే వచ్చినది. తరగతిలో ఒకనాడు ప్రసంగం అటు మళ్ళినప్పుడు ఒక విద్యార్థి లేచి, "సార్, మయసభ కట్టిన మయుడు వీళ్ళవాడేనా?" అని అడిగినాడు. పేర్ల పోలికను పట్టుకొని ఖండాల మధ్య వంతెనలు కట్టినవారు లేకపోలేదు. కాని శబ్దసామ్యం ఒక్కటే చరిత్రకు సాక్ష్యం కాజాలదు. ఆనాడు "కాదు" అని మాత్రం చెప్పి ఊరకున్నాను. మరి వారెవరు, ఎట్లా బ్రతికినారు అన్న ప్రశ్నకు, కొంత చదువుకొన్న పిమ్మట వ్రాస్తున్న సమాధానమిది. తెలుగు పాఠం చెప్పేవానికి ఈ విషయంతో పనేమిటని అడిగేవారు నన్ను మన్నింతురు గాక.

మాయా జనుల నేల మెక్సికో ఆగ్నేయ భాగం, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశాల పడమటి ప్రాంతాలు. వారు నశించిన జాతి అనుకోవడం పొరపాటు. ముప్పై వరకు మాయా భాషలు నేటికీ అక్కడ లక్షలాది ప్రజల నోట జీవించి ఉన్నవి. నశించినవి వారి గ్రంథాలు. చెట్టు పట్టతో చేసిన కాగితపు మడతల మీద వ్రాసుకొన్న పుస్తకాలను 1562లో యూకటాన్‌లోని మానీ అనే ఊరిలో స్పెయిన్ దేశపు మతగురువు డియేగో దె లాండా తగులబెట్టించినాడు. లోకంలో నేడు మిగిలినవి నాలుగే. రాజుల శిలాశాసనాలు వేలకొలది ఉన్నా, వాటిలో అధిక భాగం క్రీ.శ. 250 తరువాతివి. అంతకు ముందు వెయ్యి సంవత్సరాలకు పైగా సాగిన జీవితాన్ని గురించి మనకు చెప్పగలిగినది మట్టి మాత్రమే.

మొదట తిండి సంగతి. మొక్కజొన్నను ఒక అడవి గడ్డి నుండి నైరుతి మెక్సికోలో సుమారు 9,000 సంవత్సరాల క్రిందట మచ్చిక చేసినారు. అయినా అది వెంటనే ముఖ్యాహారం కాలేదు. బెలీజ్ కొండగుహలలో దొరికిన మానవాస్థులను రసాయన పరీక్షకు పెట్టిన పండితులు, సుమారు 4,000 సంవత్సరాల నాటికి గాని ఆ ప్రజలు దాని మీదనే ప్రధానంగా ఆధారపడలేదని 2020లో ప్రకటించినారు. మాయా గృహిణి మొక్కజొన్నను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, మన సన్నెకల్లు వంటి రాతిమీద నూరుతుంది. ఆ సున్నంలోనే ఒక శాస్త్రం ఉన్నది. గింజలో బిగిసి ఉన్న ఒక విటమిను దానివలన విడుదల అవుతుంది. ఈ గింజను తమ దేశాలకు తీసుకొనిపోయిన ఐరోపావారు సున్నపు రహస్యాన్ని నేర్వక పోవడంచేత, దానిమీదనే బ్రతికిన అక్కడి పేదలు తరతరాలు పెల్లాగ్రా అనే చర్మవ్యాధికి గురియైనారు. వంటింటి జ్ఞానాన్ని జ్ఞానంగా లెక్కించకపోతే జరిగే నష్టమిటువంటిది.

ఇక ఇల్లు. ఉత్తర బెలీజ్‌లో క్వేయో అనే చోట నార్మన్ హామండ్ అనే ఆంగ్లేయ పండితుడు 1970 దశకంలో త్రవ్వకాలు ప్రారంభించినాడు. సుమారు క్రీ.పూ. 1200 నుండి జనులు నివసించిన పల్లె అది. సున్నం పూసిన నేల, దానిలో గుంజలు పాతిన గుంటలు, ఇల్లు పాతబడగానే దానిపైనే మరొక నేల, ఇట్లా పొరమీద పొర. జింకలను, తాబేళ్ళను, తాము పెంచిన కుక్కలను కూడ తిన్నట్లు అక్కడి ఎముకలు చెప్పుచున్నవి. అన్నిటికన్న నన్ను ఆపివేసిన విషయం మరొకటి: ఇంటిలో మరణించినవారిని ఆ ఇంటి నేల క్రిందనే ఖననం చేసినారు. మాకు ఖబరస్తాన్ ఊరి వెలుపల ఉంటుంది. మీలో పలువురికి శ్మశానం ఊరి చివర. మరణించిన తాతను క్రింద ఉంచుకొని, పైన పొయ్యి రాజేసి, పిల్లలను నిద్రపుచ్చిన జీవితాన్ని ఊహించడం మనకు కష్టమే. ఆ దేశంలోనే కశోబ్ అనే మరొక పల్లెను త్రవ్విన పట్రీషియా మెకానీ అనే పండితురాలు దీనికి చెప్పిన అర్థం ఆలోచింపదగినది. పూర్వీకుడు పడుకొన్న నేల ఆ కుటుంబానిది. పత్రాలు, శాసనాలు లేని కాలంలో ఆ సమాధియే భూమి హక్కుకు దస్తావేజు. తొలినాటి మాయా ఇంటిలో పూజ వేరు, బ్రతుకుదెరువు వేరు కాదన్నమాట.

ఇంతవరకు మనం పాఠ్యపుస్తకాలలో చదువుకొన్న క్రమం ఏమిటి? ముందు వ్యవసాయం, తరువాత స్థిరనివాసం, మిగులు ధాన్యం, దానిని వశపరచుకొన్న రాజు, ఆ రాజు ఆజ్ఞతో లేచిన దేవాలయం. గ్వాటెమాలాలోని సైబాల్ అనే స్థలంలో తకేషి ఇనోమాత, డానియేలా ట్రియాడన్ అనే పండిత దంపతులు 2005 నుండి జరిపిన పరిశోధన ఈ క్రమాన్నే తలక్రిందులు చేసినది. అక్కడ సుమారు క్రీ.పూ. 950లోనే విశాలమైన ఒక మైదానం, దానికి పడమట ఒక దిబ్బ, తూర్పున పొడవైన మరొక దిబ్బ వెలసినవి. మైదానం నడుమ నునుపు చేసిన పచ్చరాతి గొడ్డళ్ళను భక్తితో పాతిపెట్టినారు. కాని ఆ కాలపు స్థిరమైన ఇళ్ళు మాత్రం చాల కొద్ది. ఎక్కువమంది ఇంకా వేటాడుతూ, సంచరిస్తూ, ఏటేటా అక్కడికి వచ్చి కలుసుకొనిపోయినవారని వారి నిర్ణయం. పల్లె పుట్టకముందే జాతర పుట్టినదన్న మాట!

అంతకన్న ఆశ్చర్యకరమైనది మెక్సికోలోని తబాస్కో రాష్ట్రంలో బయటపడినది. విమానం నుండి లేసర్ కిరణాలను ప్రసరింపజేసి నేల ఎత్తుపల్లాలను కొలిచినప్పుడు, పశువులు మేసే మామూలు మిట్టగా కనిపించిన స్థలం మనుష్యనిర్మితమని తేలినది. అగ్వాద ఫేనిక్స్ అని దానికి పేరు. క్రీ.పూ. 1000–800 మధ్య పోసిన ఆ వేదిక పొడవు సుమారు 1,400 మీటర్లు, వెడల్పు 400 మీటర్లు, ఎత్తు 10 నుండి 15 మీటర్లు. ముప్పై లక్షల ఘనమీటర్లకు పైగా మట్టి! బండ్లు లేవు, బరువు మోసే పశువులు లేవు. అంతా మనుష్యుల బుట్టలతో మోసినదే. 2020లో ఈ ఫలితాలు ప్రకటించినప్పుడు పండితలోకాన్ని కదిలించినది దాని పరిమాణం మాత్రమే కాదు. పొరుగున ఉన్న ఓల్మెక్ జనులు తమ పాలకుల ముఖాలను బ్రహ్మాండమైన రాళ్ళలో చెక్కుకొన్నారు. ఇక్కడ అటువంటి రాజవిగ్రహం ఒక్కటీ లేదు. దొరికిన శిల్పం ఒక అడవి పంది బొమ్మ. 2025లో ప్రకటించిన మరొక విషయం, వేదిక నడుమ శిలువ ఆకారపు గుంటలో దిక్కులను బట్టి పోసిన రంగులు: ఉత్తరాన నీలం, తూర్పున ఆకుపచ్చ, దక్షిణాన పసుపు.

రాజు లేడనగా పెద్దలే లేరని అర్థం కాదు. అంత కొలత తెలిసినవారు, నక్షత్రగతి ఎరిగినవారు కొందరు నడిపించి ఉండవలె. కాని కొరడా లేకుండ, వెట్టి లేకుండ కూడ జనులు ఇంత పనిని ఉమ్మడిగా చేయగలరన్నది ఊహ కాక పరిశోధనకు నిలిచే విషయమైనది. ఈ స్థితి కలకాలం నిలువలేదు. క్వేయోలోనే సుమారు క్రీ.పూ. 400లో ఇళ్ళ నడుమ ముంగిలిని పూడ్చి, పెద్ద వేదిక లేపినారు. దాని అడుగున ముప్పై ఇద్దరి అస్థులు సామూహికంగా దొరికినవి, కొన్ని ముక్కలై ఉన్నవి. ఇంటి పెద్దను ఆప్యాయంగా పాతిన నేలలోనే ఇది జరిగినది. క్రీ.పూ. 100 నాటికి సాన్ బార్తొలో గోడచిత్రాలలో పట్టాభిషేకం రంగులతో కనిపిస్తుంది.

క్వేయోను గూర్చి ఒక మాట మిగిలినది. 1976లో హామండ్ మొదట ప్రకటించిన కాలం క్రీ.పూ. 2600. బొగ్గు ముక్కలలోని కర్బన పరీక్ష అట్లా చెప్పినది. మాయా చరిత్రలో అత్యంత ప్రాచీనమైన పల్లెగా అది ప్రఖ్యాతి పొందినది. విల్లిస్ ఆండ్రూస్ అనే పండితుడు అక్కడి కుండపెంకులను ఇతర స్థలాలవాటితో పోల్చి, అంత ప్రాచీనత కుదరదన్నాడు. కొత్త పరీక్షలు కూడ అట్లే చెప్పినవి. పల్లె వయస్సు వెయ్యేండ్లకు పైగా తగ్గిపోయినది. ఆ సవరణను ప్రకటించిన వ్యాసం 1990లో అమెరికాలో వెలువడినది. దానిమీద ఇద్దరు రచయితల పేర్లు ఉన్నవి: ఒకటి ఆండ్రూస్‌ది, రెండవది హామండ్‌ది.