మాట్లాడని కథానాయకుడు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివాక మీరు:
• వీడియో ఆటలోని మౌనపాత్రకు ఆటగాడు తన భావాలను ఎలా ఆరోపిస్తాడో వివరించగలుగుతారు.
• పాత్ర మౌనానికీ, మనిషి మౌనానికీ ఉన్న తేడాను చెప్పగలుగుతారు.

1. ఎవరు పడిపోయారు?

ఢిల్లీలో కన్నాట్ ప్లేస్‌లోని పాలికా బజారు మీరు చూసే ఉంటారు. నేలకింద ఉన్న ఈ బజారు వీడియో ఆటల దుకాణాలకు పేరుపొందింది. అక్కడ కొన్న ఆటను ఒక కుర్రవాడు ఇంట్లో ఆడుతున్నాడనుకుందాం. తెరమీది బొమ్మ గోతిలో పడింది. వెంటనే కుర్రవాడు "అయ్యో, పడిపోయాను!" అంటాడు. "పడిపోయాడు" అనడు. ప్రథమ పురుష రావలసిన చోట ఉత్తమ పురుష వచ్చింది. గమనించారా?

కొన్ని ఆటల్లో కథానాయకుడు అసలు మాట్లాడడు. 1986లో జపాన్‌లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'లో నాయకుడు లింక్ అలాంటివాడే. లింక్ అంటే లంకె. ఆటగాణ్ణి ఆ లోకంతో కలిపే లంకె అతడే.

1998లో వచ్చిన 'హాఫ్ లైఫ్'లో నాయకుడు గార్డన్ ఫ్రీమన్ అనే భౌతిక శాస్త్రవేత్త. అతను పాల్గొన్న ప్రయోగం బెడిసికొట్టి ఘోర ప్రమాదం జరుగుతుంది. తోటివారు అతన్ని పలకరిస్తారు. అతను బదులివ్వడు. అతని కళ్ళతోనే మనం చూస్తాం కాబట్టి ఆడుతున్నప్పుడు అతని ముఖమూ కనిపించదు. అతనికి భయం వేసిందా? తన వల్లే జరిగిందని కుమిలిపోయాడా? ఆట చెప్పదు. భయపడిన ఆటగాడికి అతను భయపడినట్టే ఉంటాడు. కోపం వచ్చిన ఆటగాడికి కోపంతో ఉన్నట్టే తోస్తాడు.

2. ఆరోపణ అంటే?

ఇక్కడ ఆరోపణ అంటే నింద వేయడం కాదు. మన మనసులోని భావాన్ని మరొకరిలో ఉన్నట్టు భావించడం. ఇది ఆటలతో మొదలైంది కాదు. కాళిదాసు 'మేఘసందేశం'లో భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో మొర పెట్టుకుంటాడు. మేఘం పలకదు. అయినా దాన్ని ఆప్తమిత్రుడిగా భావిస్తాడు.

1944లో అమెరికాలో హైడర్, సిమ్మెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక చిన్న చిత్రం తయారుచేశారు. అందులో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక వృత్తం, తలుపున్న ఒక పెట్టెలాంటి ఆకారం. అవి అటూ ఇటూ కదులుతాయి, అంతే. చూసినవారిలో దాదాపు అందరూ వాటిని మనుషులుగానో ప్రాణులుగానో వర్ణించారు. పెద్ద త్రిభుజం దౌర్జన్యపరుడని, వృత్తం భయపడుతోందని చెప్పారు. త్రిభుజానికే మనసును అంటగట్టిన మనం, మనిషి రూపంలో ఉన్న పాత్రను వదులుతామా?

3. మనిషి మౌనం

ఇప్పుడు ఒక ముఖ్యమైన తేడా తెలుసుకుందాం. ఆటలో పాత్ర మౌనం, మనం నింపుకోవడానికి ఉంచిన ఖాళీ. మనిషి మౌనం ఖాళీ కాదు. అందులో పైకి రాని మాటలుంటాయి.

"మౌనం అర్ధాంగీకారం" అంటారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. "సిగ్గుపడుతోంది, ఇష్టమే" అన్నారు పెద్దలు. ఆ ఇష్టం ఎవరిది? సంబంధం కుదరాలని కోరుకుంటున్న పెద్దలది కావచ్చు. అమ్మాయి మనసులో ఉన్నది భయం కావచ్చు, చదువు ఆగిపోతుందన్న దిగులు కావచ్చు. ఆటలో మన ఊహ తప్పితే నష్టం లేదు. ఇక్కడ తప్పితే ఒక జీవితం తలకిందులవుతుంది. కాబట్టి అడగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. "వద్దు" అన్నా వినాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. "పడిపోయాను" అన్న మాటలో ఆరోపణ ఎలా కనిపిస్తుంది?
2. మీ ఇంట్లో ఎవరి మౌనాన్నయినా మీరు తప్పుగా అర్థం చేసుకున్నారా? ఆ సందర్భాన్ని ఐదు వాక్యాల్లో రాయండి.

చేసి చూడండి

వ్యంగ్య చిత్రకారుడు శంకర్ 1965లో ఢిల్లీలో నెలకొల్పిన బొమ్మల మ్యూజియానికి వెళ్ళండి. వీలుకాకపోతే ఇంట్లోని ఏ బొమ్మనైనా తీసుకోండి. ఆ బొమ్మ ఏమనుకుంటోందో మీరు, మీ ఇంట్లో మరొకరు విడివిడిగా రాయండి. రెండూ పోల్చి చూడండి. బొమ్మ ఒక్కటే. తేడా ఎక్కడినుంచి వచ్చింది?