క్షారం, కారం, కారుచౌడు: ఒక రసాయన పదం పుట్టుక, నేల పరీక్షలో దాని అర్థం

గుంటూరు, ప్రకాశం మైదానాలలోని మిరప రైతుకు 'కారం' అనగానే కాయ ఘాటు స్ఫురిస్తుంది. నేల పరీక్ష నివేదికలోని 'క్షార నేల' సూచించేది వేరు. రెండు మాటలకూ మూలం ఒక్కటే కావడం వలన వివరణ అవసరమవుతుంది.

సంస్కృతంలో క్షారమంటే బూడిద నుండి తీసిన తీక్ష్ణ పదార్థం. మొక్కలను కాల్చి, బూడిదను నీటిలో కలిపి, వడకట్టి, మరిగించే విధానాన్ని సుశ్రుత సంహిత సూత్రస్థానం 11వ అధ్యాయం వివరిస్తుంది. 'ఆల్కలీ'కి మూలమైన అరబ్బీ పదం 'అల్-ఖలీ' కూడా మొక్కల బూడిదనే తెలుపుతుంది. 1807లో హంఫ్రీ డేవీ వేరుచేసిన పొటాషియానికి 'కె' సంకేతం ఆ పదం నుండి ఏర్పడిన 'కాలియం' ద్వారానే లభించింది.

క్షారమునకు తద్భవం కారము. మండించే గుణాన్ని బట్టి ఆ మాట తెలుగులో రుచికి వర్తించింది. అయితే మిరప ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ ఒక అమైడు. రసాయన దృష్టిలో అది క్షారం కాదు.

'కారుచౌడు'లోని 'కారు' మరొక పదం. కారుచీకటి, కారుమబ్బులలో వలె ఇక్కడా దాని అర్థం నలుపు. సోడియం కార్బొనేటు వలన సేంద్రియ పదార్థం కరిగి నేల పైపొర నల్లబారుతుంది. తెల్లని లవణపు పొర ఏర్పడేది పాలచౌడు. కానీ నల్లరేగడి సహజంగానే నల్లనిది కనుక ఈ ప్రాంతంలో రంగును బట్టి నిర్ణయించరాదు.

పాలచౌడులో సంతృప్త ద్రావణపు విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమెన్‌లకు మించి, ఉదజని సూచిక 8.5 కంటే తక్కువగా ఉంటుంది. మురుగు కాలువలు తీసి మంచినీటితో లవణాలను కడగడం దీనికి మార్గం. జిప్సం వేస్తే ఖర్చు వృథా. కారుచౌడులో ఉదజని సూచిక 8.5 దాటి, వినిమయ సోడియం 15 శాతానికి మించుతుంది. జిప్సం వేయకుండా నీరు పెడితే మట్టి రేణువులు విడిపోయి నీరు ఇంకదు.

పైరు ఎంపికలోనూ ఈ తేడా ముఖ్యం. పత్తి 7.7 డెసీసైమెన్‌ల వరకు దిగుబడి తగ్గకుండా తట్టుకోగలదు. మిరపకు ఆ హద్దు 1.5 మాత్రమే. పత్తి బాగా పండిన చేనులో మిరప దెబ్బతినడానికి ఇది ఒక కారణం కావచ్చు.

కావున విస్తరణ శాస్త్రవేత్తలు 'క్షార నేల' అని మాత్రమే చెప్పక, రైతు ఎరిగిన 'కారుచౌడు' అనే మాటను వాడి, పరీక్షలో వచ్చిన అంకెలను దానితో జోడించి వివరించాలి.