చేపకు పుండ్లు వస్తే కుంటలో మందు పోయొద్దు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తది: "పొలం కుంటలో బొచ్చె, రవ్వ వేసినం. ఒంటిమీద ఎర్రమచ్చలు, పుండ్లు వస్తున్నయి. ఏ మందు పోయాలె?"

నేనూ అదే అడిగి దెబ్బతిన్నోణ్ణే. దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ పొడి కుంటలో కలిపిన. పది రోజులు తగ్గినట్టే ఉండె. తర్వాత ముందుకంటే ఎక్కువ చేపలు తేలినయి. డోసు చాలలేదేమో అనుకున్న!

చేతిలో చేప జారేది జిగురు వల్ల. మన చర్మం మీద ఎండిన పొర ఉంటది, చేపకు అది లేదు. పై కణాలు కూడా బతికే ఉంటయి. వాటికి కాపలా ఆ జిగురే. అందులో సూక్ష్మజీవుల గుంపు ఒకటి కాపురం ఉంటది. అదే కుంట నీళ్లలో ఉండే గుంపు వేరు. పుండ్లు తెచ్చే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా నీళ్లలో మామూలుగానే ఉంటది. జిగురులో జాగా, తిండి దొరకక ఊరుకుంటది. యాంటీబయాటిక్ పడితే మందుకు లొంగే మంచివి చస్తయి, లొంగనివి మిగులుతయి, ఖాళీ అయిన జాగాలోకి రోగం దిగుతది. మందు కొట్టిన నేలలో జరిగేది చూసినోళ్లకు ఇది కొత్త కాదు.

దోమల కోసం మన చెరువుల్లో వదిలే గంబూసియా చేపల మీద అమెరికాలో పరీక్ష చేసిండ్రు. మనం టీబీకి వాడే రిఫాంపిసిన్ నీళ్లలో కలిపితే చర్మం మీద సూక్ష్మజీవుల రకాలు తగ్గిపోయినయి. ఆ తర్వాత రోగకారక బ్యాక్టీరియాకు, ఉప్పు నీళ్లకు అవి తట్టుకోలేకపోయినయి. 2015లో క్యాట్‌ఫిష్ మీద పొటాషియం పర్మాంగనేట్‌తో కూడా ఇలాంటి ఫలితమే వచ్చింది. అది యాంటీబయాటిక్ కూడా కాదు, మనోళ్లు ధైర్యంగా పోసే మందు.

నీళ్లలోకి మందు ఎంత చేరగలదో చెప్పాలంటే పటాన్‌చెరు చూడాలె. అక్కడ ఫార్మా వ్యర్థాలు శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించిండ్రు. అప్పట్ల ఆ నీళ్లు నక్కవాగు, మంజీర మీదుగా గోదావరి దిక్కు పోయేవి. కానీ మన కుంటకు ఇంటి నుంచే దారి ఉంది. పశువుకు వేసే ఎన్రోఫ్లాక్సాసిన్ ఒంట్లో కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతది. టెట్రాసైక్లిన్ చాలావరకు మారకుండానే పేడ, మూత్రంలో బయటికొస్తది. కోళ్లఫారం ఎరువు కుంటలో వేసేవాళ్లు ఆ కోళ్లకు ఏమేం తాపిండ్రో ఒక్కసారి అడగండి.

ఇప్పుడు నేను పుండ్లు కనపడితే ముందు మేత తగ్గిస్త, ఎరువు ఆపుత, మూడో వంతు నీళ్లు మారుస్త, పీహెచ్ చూసి సున్నం వేస్త. తగ్గకపోతే బతికున్న రోగం చేపను మత్స్యశాఖోళ్లకు చూపిస్త. మందు తప్పదంటే వాళ్లు చెప్పినట్టు మేతలో పెడత, కుంటలో మాత్రం పోయను.

సూది వేసిన ఆవు పేడ రెండు వారాలు జీవామృతానికి వాడను. విడిగా గుంతలో వేసి, వేడి పుట్టేలా కంపోస్టు చేస్త. టెట్రాసైక్లిన్ అయితే ఆ వేడికి చాలావరకు విరిగిపోతది. ఎన్రోఫ్లాక్సాసిన్ మొండిది. ఆ పేడ కుంట గట్టు దిక్కు కూడా రానియ్యను. గుంత ఎట్ల తీసిన్నో వీడియో చివర్ల చూపించిన.