వంతెన క్రింది బడి

1894 జూన్ 23వ తేదీన షికాగో నగరమునుండి మైసూరు మహారాజునకు వ్రాసిన లేఖలో స్వామి వివేకానందులు ఒక చిక్కును ప్రస్తావించిరి. ఊరూర ఉచిత పాఠశాలను తెరచినను పేదబాలుడు అచ్చటికి రాడు. తండ్రికి పొలములో సాయపడుటకో, వేరొక కూలిపనికో పోవును. అందుచే విద్యయే వాని యొద్దకు నడచి పోవలెనని వారి అభిప్రాయము. విద్యకు రుసుము లేకుండుట వేరు, విద్య అందుట వేరు.

ఈ భేదమును ఢిల్లీలో యమునాతీరమున ఒక చిల్లర దుకాణదారుడు గ్రహించెను. అతడు రాజేశ్ కుమార్ శర్మ. బీదతనముచే తన పట్టభద్ర విద్యను మధ్యలోనే విడిచినవాడు. 2006 ప్రాంతమున మెట్రో రైలుమార్గపు పనులు జరుగుచోట కూలీల బిడ్డలు మట్టిలో ఆడుకొనుట చూచి, ఇద్దరితో చదువు మొదలుపెట్టెను. తరువాత ఆ బడి యమునా బ్యాంక్ స్టేషను సమీపమున మెట్రో వంతెన క్రిందికి చేరినది. గోడమీద పూసిన నల్లరంగే పలక, పైకప్పు వంతెనయే. కూలీల పిల్లలు, రిక్షా త్రొక్కువారి పిల్లలు, ఏటియొడ్డున కూరగాయలు పండించువారి పిల్లలు అచ్చట కూర్చుండిరి. కాలక్రమమున కళాశాలా విద్యార్థులును వచ్చి పాఠములు చెప్పిరి. వంతెన క్రింద జీవితమంతయు చదివించుట శర్మగారి ఉద్దేశము కాదు. ప్రభుత్వ పాఠశాలలో చేరుటకు తగినట్లు పిల్లలను సిద్ధపరచుటయే.

విద్యార్థి సేవ యనగానే అక్షరములు దిద్దించుటయే మనకు స్ఫురించును. అంతకంటె కష్టమైనది, పిల్లవాని పేరును బడి హాజరుపట్టీలోనికి ఎక్కించుట. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల పిల్లలందరికిని ఉచితవిద్యను హక్కుగా నొసగినది. అల్పసంఖ్యాకుల సంస్థలు మినహా, ప్రైవేటు పాఠశాలల మొదటి తరగతిలో నూటికి ఇరువదియైదు స్థానములు పేదలకు ఉంచవలెను. వయస్సును రుజువుచేయు పత్రము లేదని ఏ బిడ్డనైనను త్రిప్పి పంపరాదు. కాని ఢిల్లీలో ఆ స్థానములకు దరఖాస్తు కంప్యూటరులో పెట్టవలెను, ఎంపిక లాటరీచే జరుగును. చదువురాని తల్లి ఇదంతయు ఎట్లు చేయును? ఒక విద్యార్థి ఆమెప్రక్కన గంటసేపు కూర్చుండి ఆ పత్రము పూర్తిచేసినచో, నా దృష్టిలో అది గొప్ప విద్యాదానము.

తానింకను చదువుకొనుచు ఇతరులకేమి నేర్పగలనని సంశయింప నక్కరలేదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి బాల్యముననే హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల పెట్టిరి. 1948లో ఢిల్లీ తెలుగువారి కొరకు ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించినదియు వారే.

ఇక దోషమును గూర్చియు చెప్పవలెను. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకములో విద్యార్థి రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఉత్తమమైన ఏర్పాటే. కాని పరీక్షలు రాగానే కొందరు మరి కనబడరు. గంటల లెక్క పుస్తకములో పూర్తియగును, బిడ్డ నేర్చిన ఎక్కములు ఏడవదానియొద్ద నిలిచిపోవును. మిఠాయిలు పంచి ఛాయాచిత్రము తీసికొని పోవువారిని గూర్చి చెప్పనే అక్కరలేదు. ఎదురుచూచి అలసిన బిడ్డ రెండవమారు వచ్చినవానిని నమ్మదు. వారమునకొక్క గంటయైనను ఏడాదిపొడుగున తప్పక వచ్చువాడే మేలు. వానికిని చదువు ముగిసి పోవలసిన దినము వచ్చును. అప్పుడు మరియొకని వెంటబెట్టుకొని వచ్చి, పిల్లలకు చూపి, ఏ బిడ్డ ఏ పాఠమువరకు వచ్చెనో, ఎవరి పేరు ఇంకను బడిలో ఎక్కలేదో కాగితముమీద వ్రాసి వాని చేతికిచ్చి పోవలయును.